ఇంటి చదువుకు పార్సిల్ పెట్టె పునాది కాదు

బిడ్డకు మూడేళ్లు నిండాయో లేదో గల్ఫ్‌లోని తెలుగు ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఏ కరికులమ్ తీసుకుంటున్నారు?" బడికి పంపే ముందు ఒకటి రెండేళ్లు ఇంట్లోనే చదువు చెప్పుకుందామనుకునే తల్లిదండ్రులకు నలువైపుల నుంచీ అందే సలహా దాదాపు ఒకటే. అమెరికా నుంచో ఇంగ్లండ్ నుంచో పేరున్న కరికులమ్ పెట్టె తెప్పించుకోండి. ఏడాదికి సరిపడా వర్క్‌షీట్లు, ఫ్లాష్ కార్డులు, రోజువారీ టైమ్‌టేబుల్ అన్నీ అందులోనే ఉంటాయి. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడండి, తెలుగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పైగా బహ్రెయిన్‌లో, అందులోనూ సఖీర్ లాంటి ఎడారి చోట, పిల్లలకు చూపించడానికి ఏముంది గనక? పెట్టెలో ఉన్నదే పాఠం అనుకోవాలి.

ఈ సలహా ఇచ్చేవాళ్లు పిల్లల మేలు కోరేవాళ్లే. అయినా ఇందులో ఒక్క ముక్క కూడా పరీక్షకు నిలబడదు. ఆరేడేళ్ల లోపు పిల్లలకు ఇంటి చదువు మొదలవ్వాల్సింది కొన్న సరుకుతో కాదు. ఇంట్లో మాట్లాడే భాషతో, ఇంటి చుట్టూ ఉన్న నేలతో మొదలవ్వాలి. పెట్టె కొనాల్సిన అవసరమే వస్తే అది చిట్టచివర రావాలి.

"ఎడారిలో ఏముంది" అన్న మాటనే ముందు తేల్చాలి. సఖీర్‌కు తూర్పున, బహ్రెయిన్‌లో అన్నిటికంటే ఎత్తయిన జెబెల్ దుఖాన్‌కు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో, ఇసుక మధ్య ఒంటరిగా ఒక చెట్టు నిలబడి ఉంది. నాలుగు వందల ఏళ్ల పైబడిన వయసు. ఇంచుమించు పది మీటర్ల ఎత్తు. దగ్గర్లో ఏరు లేదు, చెరువు లేదు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే యాత్రికులు దాన్ని జీవవృక్షం అంటారు. వృక్షశాస్త్రం లెక్కలో అది ప్రోసోపిస్ సినరేరియా, అంటే మన జమ్మిచెట్టు. తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే. దసరా నాడు ఊరి పొలిమేరలో పూజ చేసి, ఆకులు తెచ్చి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టే చెట్టు అదే. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలు దాచిన చెట్టూ అదే.

నాలుగేళ్ల పిల్లను ఒక సాయంత్రం ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్తే ఏం జరుగుతుందో ఆలోచించండి. కింద రాలిన రెమ్మ ఒకటి చేతికి తీసుకుంటుంది. ఒక ఈనెకు రెండు పక్కలా ఎన్ని చిట్టి ఆకులున్నాయో లెక్కపెడుతుంది. ఆకులు ఇంత చిన్నవిగా ఎందుకున్నాయని అడుగుతుంది. పెద్ద ఆకైతే ఈ ఎండకు నీరంతా ఆవిరైపోతుందని తండ్రి చెప్పొచ్చు. ఇంటికి వెళ్లాక తడిపిన పెద్ద గుడ్డనూ చిన్న గుడ్డనూ బాల్కనీలో ఆరేసి చూపించనూవచ్చు. నీళ్లు లేకుండా ఎలా బతికిందన్న ప్రశ్న వస్తే వేర్ల సంగతి వస్తుంది. రాత్రి జగిత్యాలలోనో కడపలోనో ఉన్న నానమ్మకు వీడియో కాల్ చేస్తే పాండవుల కథ వస్తుంది. లెక్క, ప్రకృతి శాస్త్రం, కథ, పండుగ, బంధుత్వం అన్నీ ఒక్క చెట్టు చుట్టూ సమకూరాయి. దిగుమతి పెట్టెలోని నవంబరు పాఠం మంచు మనిషి గురించో, ఎండుటాకులు రాలే ఓక్ చెట్టు గురించో ఉంటుంది. ఆ రెండూ సఖీర్ పిల్ల చూడలేదు, ఇప్పట్లో చూడబోదు కూడా. కళ్లముందున్న జమ్మిని వదిలేసి కాగితం మీది ఓక్ చెట్టుకు రంగులు వేయించడం నేల విడిచి సాము చేయడమే.

ఒక్క జమ్మిచెట్టే కాదు. సఖీర్ ప్రాంతంలోనే 1976లో మొదలైన అల్ అరీన్ వన్యప్రాణి ఉద్యానం ఉంది. అక్కడ తెల్లటి అరేబియా ఒరిక్స్‌ను పిల్లలు కళ్లారా చూడొచ్చు. గల్ఫ్‌కు అరబ్ వైపు మొట్టమొదట చమురు పడిన బావి జెబెల్ దుఖాన్ పాదాల దగ్గరే ఉంది. అది 1932 నాటి మాట. తాతలను, తండ్రులను, మేనమామలను ఈ దేశాలకు రప్పించిన కథకు మొదటి పేజీ అది. ఫార్ములా వన్ కార్లు 2004 నుంచి పరుగెత్తుతున్న సర్క్యూట్ కూడా ఇక్కడే. చక్రం, వేగం, మలుపు గురించి అయిదేళ్ల పిల్లాడు అడిగే ప్రశ్నలకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక రెండో మాట: కరికులమ్ పెట్టె లేకపోతే పిల్లలు వెనకబడతారట. దేనిలో వెనకబడతారు? బహ్రెయిన్‌లో మూడు లక్షలకు పైగా ఉన్న భారతీయుల్లో చాలామంది పిల్లలు చివరికి చేరేది సీబీఎస్ఈ బడుల్లోనే. భారతదేశం 2022 అక్టోబరులో విడుదల చేసిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఏం చెబుతోందో ఆ తల్లిదండ్రులు ఒకసారి చదవాలి. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దని అది చెప్పింది. ఒకటి, రెండు తరగతుల్లో భాషకు, గణితానికి మాత్రమే పుస్తకాలు చాలంది. ఎనిమిదేళ్ల దాకా బోధన వీలైనంత వరకు ఇంటి భాషలో సాగాలంది. రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెప్పింది. బడికే వద్దన్న బరువును ఇంటి బడి డబ్బు పెట్టి నెత్తికెత్తుకోవడంలో అర్థం లేదు.

చట్రం పెద్దలకు రాసింది కాబట్టి పిల్లల పుస్తకమే తెరిచి చూద్దాం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఒకటో తరగతి గణితం 'జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్'. అందులో మొదటి పాఠం పిల్లిని వెతకడం. లోపల, బయట, పైన, కింద, దగ్గర, దూరం అన్న ఊహలు నేర్పే పాఠం అది. రెండో పాఠం పొడుగేది, గుండ్రనిదేది అని అడుగుతుంది. ఆ తర్వాతే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వస్తాయి. ఒకటో తరగతి పుస్తకమే అక్కణ్నుంచి మొదలుపెడుతుంటే, అందులో చేరే లోపు నూరు దాకా రాయడం, కూడికలు, తీసివేతలు పూర్తి కావాలని నాలుగేళ్ల పిల్లను కుర్చీకి అతికించే టైమ్‌టేబుల్ ఎవరి కోసం? ఆ పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. భయం వేసినప్పుడు పెట్టెల కేటలాగు కాకుండా ఆ పుస్తకం తెరవాలి.

చదవడం తొందరగా వస్తే జీవితమంతా ముందుంటారన్న నమ్మకం ఇంకా బలమైనది. న్యూజీలాండ్‌లో సెబాస్టియన్ సుగేట్ బృందం ఈ సంగతినే పరిశీలించింది. అయిదేళ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లలనూ, ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లలనూ పోల్చి 2013లో ఫలితాలు ప్రకటించింది. పదకొండేళ్లు వచ్చేసరికి చదివే నేర్పులో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ఫిన్లండ్‌లో ఒకటో తరగతే ఏడేళ్లకు మొదలవుతుంది. మన లిపి సంగతి చూసినా అంతే. కన్నడ అక్షరాల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో, గుణింతాలూ ఒత్తులూ పూర్తిగా పట్టుబడటానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా, కొందరికి ఆ పైన కూడా, పడుతుందని తేలింది. తెలుగు లిపి నిర్మాణమూ అలాంటిదే. తాపీగా పండాల్సిన దాన్ని నాలుగేళ్లకే పండించాలన్న ఆరాటం పిల్లలకు అక్షరాల మీద విసుగు పుట్టించడం తప్ప మరేం చేయదు.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది మూడో మాట. ఇంగ్లిష్ రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలట. ఇంటి భాషలోనే మొదటి చదువు సాగాలని యునెస్కో 1953లోనే చెప్పింది. ఒక భాషలో గట్టిపడిన ఆలోచనా శక్తి రెండో భాషకు బదిలీ అవుతుందని పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో వివరించాడు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు ఆ మాటకు బలం చేకూర్చాయి. బహ్రెయిన్‌లో పెరిగే తెలుగు పిల్లకు ఇంగ్లిష్ కరువు లేదు. బడి ఇంగ్లిష్‌లో, మాల్ ఇంగ్లిష్‌లో, కార్టూన్లు ఇంగ్లిష్‌లో, పక్క ఫ్లాట్ మలయాళీ పిల్లలతో ఆట కూడా ఇంగ్లిష్‌లోనే. తెలుగు దొరికేది మాత్రం ఒక్క ఇంట్లోనే. ఆ ఒక్క చోటు కూడా ఇంగ్లిష్‌కు అప్పగించేస్తే ఆ పిల్ల అమ్మమ్మతో రెండు ముక్కలకు మించి మాట్లాడలేదు. తనకు వచ్చిన కోపాన్నీ భయాన్నీ పూర్తిగా చెప్పుకునే భాషే లేకుండా పెరుగుతుంది. ఇంగ్లిష్ తర్వాత ఎప్పుడైనా నేర్వొచ్చు. అమ్మ ఒడిలో ఉన్నప్పుడు పోగొట్టుకున్న తెలుగును పదిహేనేళ్లకు తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో విదేశాల్లో పిల్లలను పెంచిన తెలుగు తల్లులను ఎవరిని అడిగినా చెబుతారు.

పేరు చూసి మోసపోవడం ఇంకొకటి. పెట్టె మీద 'మాంటిస్సోరి' అని ఉంటే చాలు, ధర రెట్టింపైనా కొనేస్తారు. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు. దాని మీద ఒక్క సంస్థకే హక్కు లేదని 1967లోనే అమెరికాలో తేలిపోయింది. కనుక ఎవరైనా ఏ బొమ్మ మీదైనా ఆ పేరు అచ్చేసుకోవచ్చు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదవాడలో తొలి పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండి అడయారులో, కొడైకెనాల్‌లో పనిచేసింది. ఆమె పద్ధతిలో చిన్నపిల్లలకు మొదటి మెట్టు నిత్యజీవితపు పనులు: ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్లు పోయడం, గుండీలు పెట్టుకోవడం, బల్ల తుడవడం, గింజలు వేరుచేయడం. తెలుగింటి వంటగదిలో ఇవన్నీ రోజూ జరిగే పనులే. కలిసిపోయిన కందులూ పెసలూ ఏరడానికి ఒక పళ్లెం, నీళ్లు వంచడానికి ఒక చెంబు, రెండు గ్లాసులు చాలు.

లెక్కల కోసం ప్లాస్టిక్ సామగ్రి తెప్పించే ముందు వామనగుంటలు గుర్తుకు రావాలి. చెరో వైపు ఏడేసి గుంటలు, మొత్తం పద్నాలుగు. ఒక్కో గుంటలో అయిదు చింతగింజలు పెడితే డెబ్భై గింజలు. ఆడే పిల్ల ఒక గుంటలోని గింజలు తీసి వరసగా ఒక్కోటి పంచుకుంటూ పోతుంది. చేతిలోవి అయిపోయేది ఏ గుంట దగ్గరో, ఖాళీ గుంట ఎక్కడ తగులుతుందో, ఆ పక్కన ఎన్ని దక్కుతాయో ముందే ఊహించాలి. లెక్కించడం, పంచడం, తీసివేయడం, ముందుచూపు, తన వంతు వచ్చేదాకా ఆగడం అన్నీ ఒక్క ఆటలో ఉన్నాయి. చింతగింజలు చింతపండు డబ్బాలోనే దొరుకుతాయి. గుంటల చెక్క లేకపోతే గుడ్ల అట్ట ఉంది. మింగే వయసు పిల్లలుంటే పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి, అంతే.

యాప్‌ల సంగతీ చెప్పుకోవాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చోబెట్టి చూపించే తెర సమయం రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ మరుసటి ఏడు కోవిడ్ వచ్చి బహ్రెయిన్ బడులూ మూతపడ్డాయి. భయపడిన తల్లిదండ్రుల మీద భారతదేశపు ఎడ్‌టెక్ ప్రకటనలు విరుచుకుపడ్డాయి. ఆరేళ్ల పిల్లలకు కోడింగ్ నేర్పుతామన్న వైట్‌హ్యాట్ జూనియర్‌ను బైజూస్ 2020లో 30 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనలు కొన్నింటిని ఉపసంహరించుకోమని ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పాల్సి వచ్చింది. 2024లో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పిల్లల భవిష్యత్తు గురించి తల్లిదండ్రుల్లో ఉన్న భయమే అక్కడ సరుకుగా అమ్ముడుపోయింది. కరికులమ్ పెట్టె ప్రకటన చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

పెట్టె అన్నదే చెడ్డదా? కాదు. అందుకు సాక్ష్యం తెలుగు నేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డులతో ఒక సామగ్రి తయారుచేశారు. ప్రపంచానికి అది 'స్కూల్ ఇన్ ఎ బాక్స్'గా తెలిసింది. అందులో పాఠాలు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఏ పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కణ్నుంచి తన వేగంతో ఎక్కుతుంది. భాష తెలుగు. పాటలు, కథలు, చెట్లు, చేమలు ఆ పల్లెలవి. టీచర్లు స్థానికులు. కార్డులు మార్చుకునే స్వేచ్ఛ వాళ్లకుంది. ఆ పద్ధతే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులకు, తర్వాత తమిళనాడు అంతటికీ పాకింది. అక్కడివాళ్లు రిషివ్యాలీ కార్డులను అలాగే వాడుకోలేదు, తమిళంలో తమవి తాము రాసుకున్నారు. మంచి పెట్టెకు గుర్తు అదే: పిల్ల ఊరినీ భాషనూ తనలోకి తీసుకుంటుంది, బోధించేవాళ్ల చేతికి లొంగుతుంది.

సఖీర్‌లోని బహ్రెయిన్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో 2008లో టీచర్స్ కాలేజీ మొదలైంది. దాన్ని నిలబెట్టడానికి సింగపూర్ జాతీయ విద్యాసంస్థ సాయం తీసుకున్నారు. బయటి నుంచి తెచ్చుకున్నది పాఠాల పెట్టె కాదు, టీచర్లను తయారుచేసే నేర్పు. ఇంటి బడిలో టీచరు తల్లి, తండ్రి. కొన్ని వందల డాలర్లు పెట్టె మీద పోసే బదులు తల్లిదండ్రులే నాలుగు మంచి పుస్తకాలు చదివితే పిల్లలకు ఎక్కువ మేలు. గిజుభాయి బధేకా 'పగటి కల', తెత్సుకో కురొయనాగి 'రైలుబడి' తెలుగులోనే ఉన్నాయి.

"తెలుగులో సామగ్రి ఎక్కడుంది" అన్నది చివరి అభ్యంతరం. ఇది తెలియక అనే మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తున్నాయి. పీడీఎఫ్‌లు ఉచితం. గల్ఫ్ పిల్లల కోసమే రాశారా అన్నట్టుంటాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు స్థాయిల వారీగా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవడానికి అనుమతి ఉంది. అనంతపురం ప్రాంతపు చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పిల్లల పత్రిక ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' సంస్థ చిన్నపిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తోంది. సెలవులకు వెళ్లొచ్చేటప్పుడు పచ్చళ్ల పక్కన ఓ ఇరవై పుస్తకాలకు సూట్‌కేసులో చోటు ఉంటుంది. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం అరవింద్ గుప్తా వీడియోలు నేర్పుతాయి. కేంద్రం 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'జాదూయీ పిటారా' ఆటల పెట్టెను చూస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఏం అవసరమో తెలుస్తుంది: బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలు, కథలు. అందులో చాలావాటిని ఇంట్లో చేసుకోవచ్చు.

పెట్టె వైపు వాదించేవాళ్ల మాటల్లో ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. ఇంగ్లిష్ చదవడం మొదలుపెట్టేటప్పుడు శబ్దాలను క్రమపద్ధతిలో నేర్పడం మేలని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. దానికి ఒక్క మంచి ఫోనిక్స్ పుస్తకం చాలు. ఉద్యోగాలతో అలసిన తల్లిదండ్రులకు రేపు ఏం చేయాలో చెప్పే క్రమం కావాలన్నదీ నిజమే. ఆదివారం నుంచి గురువారం దాకా రోజుకో కథ, ఒక ఆట, ఒక చేతిపని, వారాంతంలో ఒక బయటి చోటు అని కాగితం మీద రాసుకుంటే ఆ క్రమం వస్తుంది. ఏ తేదీన పిల్ల ఏం చేసిందో, ఏం అడిగిందో నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాస్తే బడిలో చేర్చేటప్పుడు చూపించడానికీ ఉంటుంది. చట్టం సంగతి మాత్రం మరవకూడదు. బహ్రెయిన్ 2005 నాటి 27వ నంబరు విద్యా చట్టం ఆరేళ్ల నుంచి ప్రాథమిక విద్యను నిర్బంధం చేసింది. ఆరు దాటిన పిల్లలను ఇంట్లోనే ఉంచాలనుకునేవాళ్లు ముందుగా విద్యాశాఖను సంప్రదించాలి. సర్టిఫికెట్ భయం మాత్రం మూడేళ్లకే అక్కర్లేదు. భారతదేశపు సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్ పదో తరగతికి చేర్చుకునే కనీస వయసే పద్నాలుగు.

కనుక సఖీర్, రిఫా, ఈసా టౌన్, మనామాలలో చిన్నపిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక విన్నపం. కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ సామగ్రి మా ఇంటి భాషలో నడుస్తుందా? పిల్ల చేతికీ నోటికీ పని పెడుతుందా? తెర లేకుండా సాగుతుందా? నాకు నచ్చినట్టు మార్చుకోవచ్చా? ఒక్కదానికైనా కాదని జవాబొస్తే ఆ డబ్బు మిగుల్చుకోండి. బహ్రెయిన్ తెలుగు కళా సమితి లాంటి సంఘాలు పండుగ వేడుకలతో పాటు పిల్లల తెలుగు పుస్తకాలకు ఒక బీరువా పెట్టి, ఇంటింటికీ తిప్పే పని చేపట్టాలి. వచ్చే దసరాకు మీ పిల్లలను ఆ జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్లండి, కథ తెలుగులో చెప్పండి.